నీ పెరటి కిటికీ రెక్క

వడ్రంగి శిఖామణి అయిన మా తాతకు,

నువ్వు పోయి ఏడాది దాటింది. ఈ శనివారం పొద్దున్నే నీ పెరటి కిటికీకి పరీక్ష వచ్చింది.

వేరుశెనగ మూటలు దించుకోవడానికని దానికి చువ్వలు పెట్టలేదు నువ్వు. ఇనుప బందులూ లేవు. రెక్కకు పైనా కిందా కొయ్య బొడిపెలు చెక్కి, చట్రం గుంతల్లో తిరిగేలా నిలబెట్టినావు. ప్రతి శనివారం నువ్వు తలంటుకునే ముందు ఆ గుంతల్లో ఆముదం పోసేవాడివి. "దానికీ సీకాయ రుద్దు తాతా" అని నవ్వేవాణ్ణి. పోయేముందు ఆ పని నాకప్పగించినావు. బి.ఏ. చదివిన నేను ఒక్కసారీ పోయలేదు.

పోలీసులు వీధి తలుపు బాదినారు. సర్కారు మీద నేను రాసిన కరపత్రాలు నా చంకలోనే ఉండాయి. పెరటి సందు మలుపులో ఇంకో పోలీసు నిలబడినాడు. రెక్క కిర్రుమంటే నాకు జైలే.

"నీళ్లు పోసుకుంటా ఉండాను, నిలబడండప్పా!" అని అవ్వ లోపల్నుంచి అరిచింది.

కళ్లు మూసుకుని తోసినాను. రెక్క నోరు మెదపలేదు.

బలసముద్రం చేలల్లో కూర్చుని ఇది రాస్తా ఉండాను. కాగితం మీది మరక చూసి కన్నీళ్లని మురిసిపోవద్దు. అది రెక్క నా చేతికంటించిన ఆముదం. ఏడాదిగా అవ్వే పోస్తా ఉండాది.