పాలపిట్టకి పెట్టిన బొట్టు

బాచుపల్లి,
10 నవంబర్ 2024, ఆదివారం.

హేమంత్‌కి,

భార్గవి రాయునది. ఇక్కడ నేను, మధుసూదన్, పిల్లలు బాగున్నాం. నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాను. మొన్న పేపర్లో నీ ఫొటో చూశాను, నవ్వుతూనే ఉన్నావు.

ఈ కాలంలో కాగితం మీద ఉత్తరమేమిటి అనుకుంటావేమో. ఏం చెయ్యమంటావు? నా నంబరు బ్లాక్ చేశావు. ఉద్యోగం తీసేసిన పూటే ఆఫీసు మెయిలు మూసేయించావు. మాదాపూర్‌లో మన బిల్డింగుకి వస్తే, ఇన్నేళ్ళూ నాకు నవ్వుతూ గేటు తీసిన సెక్యూరిటీ ఎల్లయ్య తల దించుకుని, జర ఏమనుకోకుండ్రి మేడం, మిమ్మల్ని పైకి పంపొద్దన్నరు అన్నాడు. పాపం, అతను ఏం చేస్తాడు. అందుకే కొరియర్లో పంపుతున్నాను. సంతకం పెట్టి తీసుకోవాలి కాబట్టి అందలేదని చెప్పలేవు.

ఉద్యోగం తిరిగి ఇమ్మని అడగడానికి రాస్తున్నాననుకోకు. ఆ ఉద్యోగం నువ్వే ఉంచుకో. మీ అమ్మ గురించి రాస్తున్నాను.

మొదట్నుంచీ చెప్తాను, ఎందుకంటే నీకు సౌకర్యంగా లేనివి నువ్వు మర్చిపోతావు. కడప కాలేజీలో కలిసి చదివిన మనం, బస్సు కండక్టర్లకి టికెట్ మెషీన్లు చేసి బతికాం. వానలో తడిసినా, కండక్టర్ చేతిలోంచి ఫుట్‌బోర్డు మీద పడినా అది పనిచేసేది. జనం ఫోన్లోనే టికెట్లు కొనడం మొదలుపెట్టాక ఆర్డర్లు పడిపోయాయి. అది నీ తప్పు కాదు. కానీ దానికి నువ్వు కనిపెట్టిన మందు ఏమిటి? మనమే ఫోన్ చేద్దాం అన్నావు! వీధికి నాలుగు ఫోన్ల షాపులు, షాపులో గోడ నిండా ఫోన్లు. అందరూ వచ్చి, అమ్ముకుని, కొందరు దుకాణం కట్టేసుకుని వెళ్ళిపోయాక మనం తీరిగ్గా బయల్దేరాం. నేను వద్దన్నాను. నువ్వు వినలేదు. సరే, నీ కంపెనీ నీ ఇష్టం అనుకుని టెస్టింగ్ పని నెత్తినేసుకున్నాను. దసరాకి విడుదల కాబట్టి ఫోన్‌కి పాలపిట్ట అని పేరు పెట్టావు. పేరు మాత్రం బాగుంది, కాదనను.

పక్కవాళ్ళ ఫోన్లో లేనిది మన ఫోన్లో ఏముంది అని పెట్టుబడివాళ్ళు అడిగితే, జేబు ఏర్పాటు అన్నావు. జేబులో వేసుకోగానే స్క్రీన్ దానంతటదే ఆరిపోతుంది, బయటికి తీస్తే వెలుగుతుంది. అందుకోసం అద్దం కింద, పై అంచున నట్టనడుమ ఒక చిన్న కన్ను పెట్టించావు. ఆ కన్నుకి ఏది అడ్డమొచ్చినా ఫోన్ తాను జేబులో ఉన్నాననుకుంటుంది.

శ్రావణ శుక్రవారం నాడు మొదటి ఫోన్లు మా గదికి వచ్చాయి. మా టీమ్‌లో లావణ్య ఇంటినుంచి గంధం, కుంకుమ తెచ్చి, ముచ్చటపడి వరసగా అన్నిటికీ బొట్టు పెట్టింది. మనవాళ్ళు కొత్త వస్తువుకి బొట్టు ఎక్కడ పెడతారు? నుదుట పెట్టినట్టు, పైన నట్టనడుమ. వరసంతా నల్లగా అయిపోయింది. బటన్ నొక్కినా వెలగలేదు. మొదట పడీపడీ నవ్వాం. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పండగకి ఫోన్ కొని దేవుడి దగ్గర పెట్టని ఇల్లు మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడైనా ఉందా?

ఆ సాయంత్రమే నీకు రాశాను. నీ క్యాబిన్‌కి వచ్చి, ఫోన్ చేతికిచ్చి, బొట్టు పెట్టి చూపించాను. రెండు నెలలు ఆగితే సాఫ్ట్‌వేర్ మార్చేస్తామని బతిమాలాను. నువ్వేమన్నావో గుర్తుందా? దసరా ముహూర్తం తప్పితే పండగ అమ్మకాలు పోతాయి, అవి పోతే కంపెనీయే ఉండదు అన్నావు. అంతవరకూ నాకూ అర్థమైంది. ఆ తర్వాత నవ్వి, ఈ రోజుల్లో ఫోన్‌కి బొట్టు పెట్టేదెవరు భార్గవీ, నువ్వింకా ప్రొద్దుటూరులోనే ఉన్నావు అన్నావు. నువ్వెక్కడ పుట్టావురా? ప్యారిస్‌లోనా?

ఆ నవ్వు నేను మరిచిపోలేదు. కానీ దసరా నాడు విడుదల సభలో, స్టేజీ మీద పరువు పోకూడదని, పూజ ఏర్పాట్లు చూసేవాళ్ళకి నేనే చెప్పి పెట్టాను, బొట్టు ఫోన్ పెట్టెకే పెట్టించండి, ఫోన్‌కి వద్దు అని. వాళ్ళు సరేనన్నారు. కార్పొరేటర్ గారి భార్య పెట్టాల్సిన బొట్టు అది. కానీ నువ్వు ఉన్నట్టుండి మైకు తీసుకుని, నాన్న పోయాక జాకెట్లు కుట్టి నన్ను చదివించిన మా అమ్మ ఈ బొట్టు పెడుతుంది అన్నావు. నేను పెద్దమ్మా అని పిలిచే మీ అమ్మ వద్దు వద్దని చేతులు ఊపుతూనే ఉంది. నువ్వు కిందికి దిగి, చెయ్యి పట్టి పైకి తీసుకెళ్ళావు. భర్త లేని మనిషితో అంత మంది ముందు శుభకార్యం చేయించావని హాలంతా చప్పట్లు కొట్టింది. నిజం చెప్తున్నాను హేమంత్, నేను కూడా లేచి నిలబడి కొట్టాను. నా కళ్ళు తడిశాయి. నువ్వు పెట్టె తెరిచి, వెలుగుతున్న ఫోన్ తీసి ఆవిడ చేతిలో పెట్టిన క్షణంలో గానీ ఏం జరగబోతోందో నాకు తట్టలేదు. నేను స్టేజీ దగ్గరికి పరుగెత్తేలోపే ఆవిడ బొట్టు పెట్టేసింది.

వెనక గోడంత పెద్ద స్క్రీన్ మీద అందరూ చూశారు, ఫోన్ ఆరిపోవడం.

ముందు వరసలో కూర్చున్న మీ మేనత్త వెంకటలక్ష్మి గారు, ఆ చేత్తో ఎవరు పెట్టించమన్నారు అని పక్కావిడతో అంది. మెల్లగా ఏమీ అనలేదు. పెద్దమ్మకి వినపడింది. ఆవిడ తన వేలి వైపు చూసుకుంది. నేను ఆవిడనే చూస్తున్నాను కాబట్టి నాకు తెలుసు.

ఆ క్షణంలో నువ్వు ఒక్క మాట అంటే అయిపోయేది. కుంకుమ కన్నుకి అడ్డమొచ్చిందండీ అని తుడిచి చూపిస్తే హాలంతా నవ్వి ఊరుకునేది. మీ అమ్మ కూడా నవ్వేది. కానీ అప్పుడు పెట్టుబడివాళ్ళు, ఇది నీకు ముందే తెలుసా అని అడుగుతారు. తెలిసీ లారీల్లో షాపులకి ఎందుకు పంపావు అని అడుగుతారు. అందుకని ఏదో సాంకేతిక సమస్య, ఈ ఒక్క పీసులోనే లోపం అన్నావు. సోమవారానికి అది టెస్టింగ్ విభాగం నిర్లక్ష్యం అయింది. నన్నూ, లావణ్యనూ బయటికి పంపావు. దీపావళికి ఏమైందో నీకు తెలుసు. లక్ష్మీపూజలో పెట్టిన పాలపిట్టలన్నీ కళ్ళు మూసుకున్నాయి. మా అపార్ట్‌మెంటుకి వచ్చే క్యాబ్ డ్రైవర్ మహేందర్ తన ఫోన్ నాకు చూపించి, ఏంది మేడం, దండం పెట్టంగనే పానం పోయింది, గిట్లయితదా అని అడిగాడు. తుడిచి ఇచ్చాను. నిన్ను తిట్టలేదు. తిట్టడానికి నోరు రాలేదు, సిగ్గేసింది.

అవన్నీ వదిలెయ్యి. ఫోన్లు వెనక్కొస్తే వస్తాయి. నేను ఇంకో చోట చేరతాను, లావణ్య ఇప్పటికే చేరింది. నా కడుపు మండేది మీ అమ్మను చూసి. బుధవారం కోకాపేటలో శిరీష గృహప్రవేశం. నీ చెల్లెలు సొంతంగా కొనుక్కున్న మొదటి ఇల్లు. అమ్మ రానంటోందక్కా, పాలు పొంగించేటప్పుడు నా నీడ కూడా పడకూడదు అంటోంది అని శిరీష నాకు ఫోన్ చేసి ఏడ్చింది. గురువారం నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు మీ ఇంటికి వెళ్ళాను. ఎప్పుడు వెళ్ళినా నాకు బొట్టు పెట్టి గానీ పంపని మనిషి, కుంకుమ భరిణె నా వైపు జరిపి, నువ్వే పెట్టుకో తల్లీ, నా చెయ్యి మంచిది కాదు అంది. ఆ మాట విని నాకు నీ మీద ఎంత కోపం వచ్చిందో ఈ కాగితం మీద రాయలేను.

మంచిది కాని చెయ్యా అది? మన మొదటి టికెట్ మెషీన్‌కి బొట్టు పెట్టింది ఆ చెయ్యే కదా! నువ్వు తింటున్న తిండి అక్కడినుంచే వచ్చింది. స్టేజీ మీదికి తీసుకెళ్ళినప్పుడు కొడుకువి, ఆరిపోయాక కంపెనీ యజమానివి అయ్యావా? చప్పట్లు నీకూ, మాట ఆవిడకూనా? మీ మేనత్తది పాత బుర్ర, పోనీ. నీకేమైంది? కారణం తెలిసిన మనిషివి, ఇంట్లో ఒకే బల్ల దగ్గర ఆవిడ ఎదురుగా కూర్చుని అన్నం ఎలా తింటున్నావు?

పెట్టుబడివాళ్ళకి చెప్తావో లేదో అది నీ ఖర్మ. బుధవారం లోపల మీ అమ్మకి చెప్పు. ఆవిడకి మాత్రమే కాదు, వెంకటలక్ష్మి గారిని పిలిచి ఆవిడ ముందు చెప్పు. తప్పు నాది, అమ్మ చేతిది కాదు అని. ఆ నాలుగు మాటలు అనలేకపోతే ఇక నా మొహం చూడకు.

ఇట్లు,
ఒకప్పుడు నీ స్నేహితురాలు,
భార్గవి

తా.క.: పైన ఒక్క అబద్ధం కూడా రాయలేదు, కానీ ఒకటి దాచాను. పెద్దమ్మకి ఇచ్చిన మాట కోసం దాచాను. కవరు అంటించబోతుంటే నా వల్ల కాలేదు.

గురువారం నేను ఉత్త చేతులతో వెళ్ళలేదు. పాలపిట్టని తీసుకెళ్ళాను. ఆవిడ నా వైపు జరిపిన భరిణెలోని కుంకుమతోనే ముందు నేను బొట్టు పెట్టాను, ఆరిపోయింది. తుడిచాను, వెలిగింది. తర్వాత ఆవిడ వేలు పట్టుకుని పెట్టించాను, ఆరిపోయింది. తుడిస్తే వెలిగింది. పెద్దమ్మ చిన్నపిల్లలా నవ్వింది. ఇంకోసారి, ఇంకోసారి అని తనే పెట్టి తుడిచి చూసుకుంది. తర్వాత నవ్వు ఆపి, ఇది వాడికి ముందే తెలుసా అని అడిగింది. అబద్ధమాడలేకపోయాను.

పెద్దమ్మ తన చేతిలో నా చేత చెయ్యి వేయించుకుంది. తనకి తెలిసిపోయిందని నీకు చెప్పకూడదట. ఫోన్‌ది తప్పని తను బయటికొచ్చి తిరిగితే, ఎలా తెలిసింది, ఎవరికి ముందు తెలుసు అని అందరూ అడుగుతారట, నీ కంపెనీ పోతుందట. నా చెయ్యి మంచిది కాదనుకుంటే నా కొడుక్కి ఏమీ పోదు, నాకు ఆ మాట కొత్తా ఏమిటి అంది.

కాబట్టి బుధవారం శిరీష ఇంట్లో పాలు పొంగే వేళకి మీ అమ్మ మీ ఇంట్లో తలుపేసుకుని కూర్చుని ఉంటే, తన చెయ్యి మంచిది కాదని నమ్మి కూర్చుందనుకోకు. నువ్వు తెలిసీ నోరు మూసుకున్నావని ఆవిడకి తెలుసు. తెలిసే కూర్చుంది.