పాపకు జ్వరం తగ్గింది

అక్కా, నీ పాపకు నిన్నటి నుంచి జ్వరం లేదు, కంగారుపడకు. దగ్గు, జలుబు ఏవీ లేకుండా ఐదు రోజులు ఒళ్లు కాలిపోయింది. డాక్టరమ్మ మూత్రం పరీక్ష చేయించి, "పేగుల్లో ఉండే ఈ.కోలై అనే క్రిమి మూత్రం దారిలోకి పాకిందమ్మా. ఒంటికి వెళ్లేటప్పుడు ఏడ్చేదా?" అని అడిగింది. ఏడ్చేదక్కా. గౌను తడిపి మొండికేస్తోందనుకుని నేను రెండు దెబ్బలు వేశాను. మందు పది రోజులు ఆపకుండా వేయాలి. వచ్చే సోమవారం కిడ్నీలకు స్కాన్ తీస్తారు. సెలవు పెట్టి రా. నెలల పిల్లప్పుడు ఇలాంటి జ్వరం వచ్చిందేమో గుర్తుచేసుకుని వెంటనే రాయి, డాక్టరమ్మ అడుగుతోంది. తువ్వాళ్లు రెండు తీసుకురా. బావగారికి నమస్కారాలు, నీకు పాప ముద్దులు. నేను కొట్టినట్టు అది నీకు ఎప్పటికీ చెప్పదు. అందుకే నేనే రాశాను.

నీ చెల్లి