వెచ్చబడిన వేళ్ళు

అమీర్‌పేట,
12 ఆగస్టు 1999

ప్రియమైన మంజూ,

నేనిప్పుడు పంతులమ్మనే! పొద్దున ఏడింటి బ్యాచ్‌లో నూట పదిమందికి జావా చెబుతున్నాను. చోటు చాలక గుమ్మం దగ్గర కూడా నిలబడుతున్నారు. సాయికిరణ్ పంజాగుట్టలో ఆఫీసుకి వెళ్తూ నన్ను స్కూటర్ మీద దింపి, "వెళ్ళండి మేడమ్ గారూ, భక్తులు ఎదురుచూస్తున్నారు" అని ఏడిపిస్తాడు. పెళ్ళయి రెండేళ్ళయినా ఆయన కొంటెతనం తగ్గలేదు.

ఒక్కటే తంటా. ల్యాబులో ఏసీకి నా వేళ్ళు సున్నం పూసినట్టు తెల్లబడి, తరవాత నీలంగా మారుతున్నాయి. ఈ నెల చర్మం కూడా బిగుసుకుంది, పిడికిలి ముడవలేను. మా ఇంటి ఓనరు తాజున్నీసా ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "గిదేంది బేటా, గింత సల్లగున్నయ్? జర డాక్టర్‌కి సూపెట్టు" అంది. నువ్వు చర్మాల చదువే చదువుతున్నావుగా, ఏదైనా ఆయింట్‌మెంట్ పేరు రాయవే.

నీ హైందవి


విశాఖపట్నం,
19 ఆగస్టు 1999

ఒసేయ్ హైందూ,

ఆయింట్‌మెంటూ లేదు, పాడూ లేదు. ఈ ఉత్తరం అందిన రోజే సోమాజిగూడ వెళ్ళి కీళ్ళవాతం డాక్టరుకి చూపించు. బ్యాచ్ ఉందని వంకలు పెట్టావంటే రైలెక్కి వచ్చి, నీ నూట పదిమంది ముందే చెవి మెలేస్తాను.

కంగారుపడుతూ,
మంజూష


అమీర్‌పేట,
25 సెప్టెంబరు 1999

నా బంగారు మంజూ,

వెళ్ళాను. డాక్టర్ హనుమత్ప్రసాద్ గారు నా వేలి మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి లాగబోయారు, దొరకలేదు. స్క్లెరోడెర్మా అట. ఒంటిని కాపాడాల్సిన బలగమే ఒంటి మీద తిరగబడి, చర్మాన్ని గట్టిపరుస్తుందట.

"నాకే ఎందుకండీ?" అన్నాను.

"మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి చాలా ఎక్కువమ్మా. ఆడ హార్మోన్లకి ఇందులో పాత్ర ఉందని అనుమానం. ఎంతవరకో ఇంకా తేలలేదు" అన్నారు.

గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీలు బాగానే ఉన్నాయి. బయటికొచ్చి సాయికిరణూ నేనూ కాసేపు ఏడ్చి, తరవాత మిర్చి బజ్జీలు తిన్నాం. పేరు తెలిశాక భయం సగం తగ్గింది.

కానీ కడుపుతో ఉంటే ఆ హార్మోన్లే పెరుగుతాయిగా? మరి మేం కనాలనుకుంటున్న పాప సంగతేంటే?

హైందవి


విశాఖపట్నం,
3 అక్టోబరు 1999

హైందూ,

పాప మాట ఇప్పుడెత్తకు. ఈ జబ్బు వచ్చిన మొదటి ఏళ్ళలోనే కిడ్నీలకి ప్రమాదం ఎక్కువ. పుట్టని పాప నాకు తెలీదు. నువ్వు తెలుసు. నా మీద ఒట్టు.

నీ మంజూష


అమీర్‌పేట,
9 డిసెంబరు 2002

ప్రియాతిప్రియమైన మంజూ,

ఏడు నెలలుగా నీ మూడు ఉత్తరాలకీ జవాబివ్వలేదు. జబ్బు ముదిరిందేమోనని ఆంటీకి ఫోన్ చేశావట. "మస్తుగుంది, ఫికర్ చెయ్యకు" అని ఆమె చేత చెప్పించింది నేనే. నీతో మాట్లాడితే నోరు జారతాను, నువ్వు తిడతావు.

పోయిన గురువారం నాకు పాప పుట్టిందే!

మూడు వారాలు ముందే వచ్చేసింది. రెండు కిలోలే గాని గొంతు మాత్రం వార్డంతా వినబడింది. తొందరపడలేదు మంజూ, రెండున్నరేళ్ళు ఆగాను. చర్మం నిలకడపడిందనీ, లోపలంతా బాగుందనీ పరీక్షల్లో తేలాక డాక్టరుగారే సరేనన్నారు. బిడ్డకి పడని మాత్రలు ముందే మాన్పించారు. సాయికిరణ్ రోజూ బీపీ చూసి గోడ మీద క్యాలెండర్లో రాశాడు.

వింతేంటో తెలుసా? నాలుగో నెల నుంచి నా వేళ్ళు వెచ్చబడ్డాయి! ఆంటీ పట్టుకుని, "అరే, రొట్టె లెక్క వేడిగున్నయ్!" అని వాడంతా చాటింది. ఇన్నాళ్ళూ నేను తిట్టుకున్న హార్మోన్ల వల్లే చేతులకి రక్తం బాగా పారిందట. "సంబరపడమ్మా. కాన్పయ్యాక ఇలాగే ఉంటుందని మాత్రం చెప్పలేను" అన్నారు డాక్టరుగారు.

ఆయన అన్నట్టే నిన్నటి నుంచి మళ్ళీ చల్లబడుతున్నాయి. ఫరవాలేదు, ఆ అయిదు నెలలు నాకు దొరికాయి. ఇప్పుడు పాప చొక్కా బొందెలు కట్టలేకపోతున్నాను. సాయికిరణ్ కడితే అన్నీ పీటముళ్ళు.

తిట్టడానికైనా రావే. తిడుతూనే బొందెలు కడుదువుగాని.

తప్పు చేసినా సంతోషంగా ఉన్న
నీ హైందవి