స్రవంతి తెచ్చిన క్యూబ్

శుక్రవారం, ఇబ్రహీంపట్నం

మా కాలేజీల సివిల్ ఇంజినీరింగ్ పిల్లలకు బోర్డు మీద పాఠం ఎక్కుతలేదని నెల కింద నేనే కొత్త పద్ధతి పెట్టిన. ఒక్కొక్కరు ఒక్కో ఇంటి స్లాబ్ కాడికి పోయి, అక్కడి కాంక్రీటు అచ్చుల పోసి, గట్టిపడ్డ దిమ్మ, అదే క్యూబ్, తేవాలె. ఇయ్యాల ల్యాబ్‌ల అన్నిటిని బలం చూసే మిషన్ కింద పెట్టినం. స్రవంతి తెచ్చింది మొయ్యాల్సిన దాంట్ల సగం బరువుకే పిండి పిండి అయింది.

"గిది కట్టిచ్చినోడు మనిషేనా? ఎవరిదమ్మా గా ఇల్లు?" అని అందరి ముందట అరిచిన.

ఆ పిల్ల తల దించుకున్నది. "బొంగులూరుల మీరు కట్టిస్తున్న ఇల్లే, సార్."

మా స్లాబ్ పోసే రోజు నేను చాయ్ తాగ పోయినప్పుడు ఆ కాంక్రీటు అచ్చుల పట్టుకున్నదట. ఆ రోజు మబ్బు పట్టింది. పని జల్ది కావాలని "జర నీళ్లు ఎక్కువ పొయ్యి" అని మేస్త్రీ యాదయ్యకు చెప్పింది నేనే. నీళ్లెక్కువైతే కాంక్రీటుకు బలముండదని ఏండ్ల సంది క్లాసుల చెప్తున్నది గూడ నేనే.

ఎల్లుండి దాని మీద రెండో స్లాబ్. ఆపుమని యాదయ్యకు ఫోన్ చేసిన.

"ఎందుకు సారూ? గట్ల కలిపితే మస్తు అల్కగైతున్నది పని. ఇంజినీర్ సారే చెప్పిండని, అప్పటి సంది అందరి ఇండ్లకు గట్లనే కలుపుతున్న."