రాజుగారి గుమ్మం

వదినగారికి,

కొండ మీదికి క్షేమంగా చేరాను. ఇది ఒకప్పటి రాజధాని. కోటలో తలుపులు బాగుచేస్తున్నాను. కొలువు గది గుమ్మం నా గడ్డం దాకానే ఉంది.

"ఎంతటివాడైనా తల వంచాలనే అలా పెట్టారు మేస్త్రీ," అన్నాడు గైడు.

"మరి రాజుగారో?"

"ఆయనా వంగే వెళ్లేవారు."

గడప దగ్గర తవ్వితే సంగతి బయటపడింది. గుమ్మం నిలబెట్టినవాడు గచ్చు మందానికి చోటు వదలడం మరిచాడు, అచ్చం మన కొత్త గదికి నేను చేసినట్టే. గచ్చు వేశాక గుమ్మం పొట్టిదైపోయింది. వాడిలా నాకు కథ అల్లడం రాక, అన్నయ్యతో పోట్లాడి వచ్చేశాను.

నా పెద్ద చిత్రిక ఎవరైనా ఇటు వస్తే పంపండి. అన్నయ్య నుదుటి బొప్పి తగ్గిందా? పిల్లలకు దీవెనలు. తప్పు నాదేనని అన్నయ్యతో చెప్పండి. వచ్చి గుమ్మం ఎత్తిస్తాను. అందాకా రాజుగారిలా వంగి వెళ్లమనండి.

మీ మరిది