వెనక్కి తిప్పినా టిక్కుమంటుంది

అమ్మా, నేను బాగానే ఉన్నాను, భయమంతా నీ గురించే. అంకెలు చదవలేవని ఇన్సులిన్ పెన్నును పన్నెండు టిక్కులు తిప్పి పొడుచుకోమన్నాను కదా. ఇవాళ ఆ పెన్నులు తయారుచేసే మా కంపెనీ పరీక్ష గదిలో చూపు ఆనని తాతగారొకరు పది ముందుకు తిప్పి, చెయ్యి తడబడి రెండు వెనక్కి తిప్పారు. వాటినీ కలుపుకుని, "పన్నెండు! కళ్లు పోయినా చెవులున్నాయి పిల్లా!" అన్నారు. పెన్ను మీద చూస్తే ఎనిమిదే. వెంటనే నీకు రాయడానికి కూర్చున్నాను. చెయ్యి తడబడితే, ఇక తిరగదనేదాకా వెనక్కి తిప్పేసి మొదటి నుంచి లెక్కపెట్టు. నాన్న దగ్గు తగ్గిందా?

చదివి వినిపిస్తున్న పోస్టుమాన్ బాబాయ్ గారూ, అమ్మ మీ ముందు తిప్పి చూపించేదాకా గుమ్మం దిగకండి. ఎంత వచ్చిందో చూసి, ఈరోజే నాకు రాయండి.

నీ పెద్దపిల్ల