సాక్ష్యాన్ని తడపకూడదన్నారు

జిల్లా ప్రకృతి సంరక్షణాధికారి గారి సముఖమునకు,

లిపోవొ గ్రామ నివాసి, కీర్తిశేషులు బ్రోనెక్ గవ్రిష్ గారి చెల్లెలు, అవివాహిత, బడి వంటశాలలో పనిచేసి విరమించిన లుద్విక గవ్రిష్, వయసు అరవై నాలుగు, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా అన్నగారి ఫైలులో "జప్తు చేసిన నత్తలను బయటివారికి అమ్ముకొన్నట్లు భావించడమైనది" అని ఉన్న వాక్యమును తొలగించి, జరిగినది జరిగినట్లు నమోదు చేయుట గురించి.

1. మా అన్నగారు తమ కార్యాలయం వారి లైసెన్సుతో ముప్పై ఒక్క సంవత్సరాలు మా ఊళ్లో నత్తల కొనుగోలు కేంద్రం నడిపినారు. ఏటా ఏప్రిల్ ఇరవై నుంచి మే ముప్పై ఒకటి వరకు చుట్టుపక్కల వాళ్లు తోపుల్లో ఏరి తెచ్చిన నత్తలను కొని, ఫ్రాన్సుకు పంపే కంపెనీ లారీకి ఎక్కించేవారు. ముప్పై మిల్లీమీటర్ల ఇనుప కడియంలోంచి దూరిపోయే నత్తను ఒక్కదాన్ని కూడా కొనలేదు. ఒకసారి ఒక ముసలమ్మ, "అర మిల్లీమీటరే కదా బ్రోనెక్, చూసీ చూడనట్టు పోనీ" అని బతిమాలింది. "దానికింకా పెళ్లీడు రాలేదు పిన్నీ, తీసుకెళ్లి ఎక్కడ ఏరావో అక్కడే వదిలెయ్" అన్నారు. ఆవిడ నవ్వుకుంటూ తీసుకెళ్లింది.

మా ఊళ్లో నత్తలు ఎవరూ తినరు. ఒక సంవత్సరం లారీ డ్రైవరు ఫ్రాన్సు నుంచి వండిన నత్తల డబ్బా ఒకటి తెచ్చి ఇచ్చినాడు. మా అన్నగారు ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలి, "వెల్లుల్లి బాగుంది" అన్నారు. ఎవరినీ నొప్పించే మనిషి కాదని తమకు తెలియడం కోసం ఇది వ్రాస్తున్నాను.

2. పోయిన సంవత్సరం ఫిబ్రవరిలో వారికి గుండె నొప్పి వచ్చి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఐదు కిలోలకు మించి ఎత్తరాదని డాక్టరు చెప్పినారు. నత్తల పెట్టె ఒక్కొక్కటి పది కిలోలు. "ఇంకెవరికైనా అప్పగించెయ్ అన్నయ్యా" అంటే, "ఈ ఒక్క సీజనూ కానీవే లుద్కా" అన్నారు. ఆ మాట అంతకు ముందు సంవత్సరం కూడా విన్నాను. దాని ముందు సంవత్సరం కూడా.

3. లైసెన్సు షరతు ప్రకారం మే ముప్పై ఒకటి సాయంత్రానికి కేంద్రంలో ఒక్క నత్త కూడా మిగలరాదు. కంపెనీ లారీ దారిలో చెడిపోయింది; జూన్ నాలుగుకు గాని రాలేమని ముందుగానే కబురు చేసినారు. మా అన్నగారు మే ఇరవై తొమ్మిదిన గడువు పొడిగించవలసిందిగా తమకు దరఖాస్తు పంపినారు. ఐదో తేదీ వరకు గడువు ఇస్తూ తమరి సంతకంతో జవాబు జూన్ పద్నాలుగున మా ఇంటికి చేరినది. అప్పటికి వారిని సమాధి చేసి రెండు రోజులైంది. నకలు జతపరచడమైనది.

4. జూన్ మూడు, సోమవారం, తమ తనిఖీదారు కింగా వ్రోనా గారు వచ్చి ముప్పై ఎనిమిది పెట్టెలు జప్తు చేసినారు. కొలత కోసం వంద నత్తలను తీసి, లెక్క తప్పకుండా ఒక్కొక్క గుల్ల మీద నీలం రంగు చుక్క పెట్టి, మళ్లీ పెట్టెల్లోనే వేసినారు. షెడ్డుకు సీలు వేసినారు. ఆవిడ తన ఉద్యోగం తాను చేసినారు, మర్యాదగానే మాట్లాడినారు. మర్నాడు వచ్చిన లారీ ఖాళీగా వెళ్లిపోయినది.

5. ఆ షెడ్డుకు రేకు కప్పు. ఆ వారమంతా ఎండ. గురువారం నాటికి తలుపు సందులోంచి వాసన మొదలైంది. మా అన్నగారు కిటికీ ఊచల్లోంచి గొట్టంతో నీళ్లు కొట్టబోయి, అనుమతి లేకుండా కొట్టకూడదేమోనని ఆగి, తమ కార్యాలయానికి ఫోన్ చేసినారు. నేను పక్కనే ఉన్నాను.

"అయ్యా, లోపల అవి ఎండిపోతున్నాయి. కాస్త నీళ్లు చల్లుకోనిస్తారా?"

అవతలి మనిషి ఎవరినో అడిగి వచ్చి, "కుదరదండీ. అది సాక్ష్యం. సాక్ష్యాన్ని తడపకూడదు" అన్నాడు.

"బాబూ, అది ప్రాణమున్న సాక్ష్యం."

"నేను రాసిపెట్టుకున్నాను, సోమవారం సార్‌కి చెబుతాను."

మా అన్నగారు ఫోన్ పెట్టేసి, ఆ సాయంత్రమంతా షెడ్డు గోడకు ఆనుకుని కూర్చున్నారు. "మనం కూడా వాటిని చావడానికే కదా పంపేది?" అన్నాను. కొంచెం కటువుగానే అన్నాను. "అక్కడ ఎవరో ఒకరు తింటారే. ఇక్కడ ఎవరికోసం చావాలి?" అన్నారు.

6. జూన్ తొమ్మిది, ఆదివారం ఉదయం వాన మొదలైంది. నేను చర్చికి వెళ్లాను. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి, రాలేనని వారు ఇంట్లో ఉండిపోయినారు. నేను తిరిగి వచ్చేసరికి సీలు తెగి, షెడ్డు తలుపు బార్లా తీసి ఉంది. లోపల మూడు పెట్టెలే ఉన్నాయి. వాటిలో అన్నీ చచ్చినవి. తోపుడు బండి చక్రాల గుర్తు బురదలో పాత సున్నపు గని దాటి, ఊరివాళ్లు నత్తలు ఏరే తోపు దాకా, పోతూ వస్తూ, తొక్కి తొక్కి కాలువలా పడి ఉంది. బండికి నాలుగు పెట్టెలు పడతాయి. అంటే తొమ్మిది సార్లు తిరిగినారన్న మాట.

వారు ఒక చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నారు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. పక్కన ఆఖరి పెట్టె బోర్లించి ఉంది. చుట్టూ తడి ఆకుల మీద నత్తలు ఒక్కొక్కటే, ఎండకు గుల్ల నోటికి కట్టుకున్న పొర విప్పుకుని బయటికి వస్తున్నాయి. "అన్నయ్యా, లే, తడిసిపోతున్నావు" అన్నాను. రెండుసార్లు అన్నాను.

7. సీలు తెంచినది మా అన్నగారే. అది నేరమని ఒప్పుకుంటున్నాను. దానిని ఫైలులోంచి తీసివేయమని అడుగుట లేదు. కాని "అమ్ముకొన్నట్లు భావించడమైనది" అని వ్రాసి, ముద్దాయి మరణించినందున కేసు మూసివేసినారు. ఆ కాగితం పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించినారు. రొట్టెల కొట్టులో స్టెఫానియా నా మొహం మీదే అంది, "పోతూ పోతూ మీ అన్నయ్య మంచి బేరమే చేశాడట కదా లుద్వికమ్మా! ముప్పై అయిదు పెట్టెలట!" నేను రొట్టె అక్కడే వదిలేసి వచ్చాను. ఇప్పుడు రొట్టె పక్క ఊరి నుంచి తెచ్చుకుంటున్నాను.

8. ఆగస్టు వానల్లో నేను తోపుకు వెళ్లి వెదికితే నీలం చుక్క ఉన్న నత్తలు మూడు కనిపించినవి. తమకు ఉత్తరం వ్రాసినాను, జవాబు లేదు. సెప్టెంబరులో కింగా గారు సెలవు పెట్టుకుని తమ సొంత పనిగా వచ్చినారు. ఇద్దరం సాయంత్రం దాకా ఆకులు తిప్పి చూసినాము. ఇంకొక ఎనిమిది దొరికినవి. ఆవిడ ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఇది నా చెయ్యే అమ్మా. ఈ చుక్కలు నేను పెట్టినవే" అని, అక్కడే బురదలో కూర్చుండిపోయినారు. వారి వాంగ్మూలం జతపరచడమైనది. చనిపోయినవారి ఫైలు వారసులు అర్జీ పెట్టుకుంటే తప్ప తెరవరాదని నియమమట. అందువలన ఈ అర్జీ.

9. ఫైలులో మరొక వాక్యం ఉన్నది: "పేరు చెప్పని గ్రామస్థుల ఫోన్ ఫిర్యాదుపై తనిఖీ చేయడమైనది." అది కూడా సరిచేయవలసి ఉన్నది. ఫోన్ చేసినది నేను.

జూన్ ఒకటి, శనివారం మధ్యాహ్నం. వారు షెడ్డులో పెట్టెలు కిందివి పైకీ పైవి కిందికీ మారుస్తున్నారు. వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. ఒక పెట్టె ఎత్తి, ఛాతీకి ఆనించుకుని, కళ్లు మూసుకుని నిలబడిపోయినారు. లైసెన్సు పోతే ఇక ఇంట్లో కూర్చుంటారు, బతుకుతారు అనుకున్నాను. అంతే అనుకున్నాను. తమ కార్యాలయానికి ఫోన్ చేసి, "గవ్రిష్ షెడ్డులో గడువు దాటినా నత్తలున్నాయి" అన్నాను. "మీరెవరండీ?" అని అడిగారు. "ఊరి మనిషిని" అని పెట్టేశాను. సీలు వేస్తారని, అవి లోపల ఎండుతాయని, వారు వాటిని అలా చూడలేరని నాకు తట్టలేదు. ముప్పై ఒక్క సంవత్సరాలు పక్కనుండి చూసిన దానికి తట్టి ఉండవలసినది.

ఆఖరి శనివారం భోజనాల దగ్గర వారు, "ఎవరో ఫోన్ చేశారట లుద్కా" అన్నారు. నేను తలెత్తలేదు. "ఎవరైతేనేం, గడువు దాటింది నిజమే కదా" అని, పుల్ల చారు ఇంకొంచెం పోయించుకున్నారు. చెప్పడానికి నాకు ఆ గిన్నె ఖాళీ అయ్యేంత సమయం ఉంది. చెప్పలేదు.

కావున తమరు దయతో,

"అమ్ముకొన్నట్లు భావించడమైనది" అను చోట "ఏరిన తోపులోనే విడిచిపెట్టినారు" అని వ్రాయించి, ఆ కాగితమును అదే నోటీసు బోర్డు మీద అంటింపజేయవలెనని,

"పేరు చెప్పని గ్రామస్థులు" అను చోట నా పేరు వ్రాయించవలెనని,

ఇక మీదట ప్రాణమున్న దేనినైనా జప్తు చేసినప్పుడు నీళ్లు పోసే మనిషిని ఒకరిని నియమించవలెనని,

తమ సన్నిధిని వేడుకొనుచున్నాను. ఈ మొరను చిత్తగించి న్యాయము చేయింపుడు.

తమ విధేయురాలు,
లుద్విక గవ్రిష్
లిపోవొ, ఏప్రిల్ ఇరవై రెండు

తా.క. ఈ అర్జీని కింగా గారికి చూపించాను. "తొమ్మిదోది కొట్టెయ్యండి అమ్మా. కేసుకు దాంతో పనిలేదు, ఎవరూ అడగరు కూడా" అన్నారు. మంచి పిల్ల, నా కోసమే అన్నది. కాని అయ్యా, అది నేను మా అన్నయ్యకు చెప్పుకోవలసిన మాట. సమాధి దగ్గర చెప్పి చూశాను, చెప్పినట్టు అనిపించలేదు. తమ కార్యాలయంలో ఏ కాగితం ఇచ్చినా తేదీ వేసి, ముద్ర కొట్టి, అందినట్లు రసీదు ఇస్తారు కదా. నాకు ఆ రసీదు ఇప్పించండి.